దిగకపోవడమూ ఒక విద్యే

పోయిన సంచికలో బొమ్మల కొలువు గురించి రాస్తే, మా ఇంట్లో పాత చెక్క బొమ్మలు ఇంకా ఉన్నాయంటూ చాలామంది ఉత్తరాలు రాశారు. అందరికీ కృతజ్ఞతలు. ఈసారి నేను విమానం గురించి రాయబోతున్నాను. నవ్వకండి. మనలిలో ముప్ఫై ఏళ్లకు పైగా ఆవిరి పైపుల మధ్య తిరిగినవాడికి విమానంతో పనేమిటని మా ఆవిడ కూడా అడిగింది. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

మా మనలిలో కర్మాగారాల పక్కనుంచి వెళ్లేవారు ఒకటి గమనించి ఉంటారు. ఎత్తయిన స్తంభం చివర ఎరుపు, తెలుపు చారల గుడ్డ సంచి ఒకటి గాలికి ఊగుతూ ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు అది ఏ పార్టీ జెండా అని అడుగుతుంటారు. అది జెండా కాదు, గాలి ఎటునుంచి ఎటు వీస్తోందో చూపే సంచి. ఎక్కడైనా గ్యాసు లీకయితే ముందు దానివంక చూడాలి. గాలికి అడ్డంగా తప్పుకుని, గాలి వచ్చే వైపుకు వెళ్లాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మాకు నేర్పిన పాఠం ఇది. విమానాశ్రయంలోనూ అచ్చం అలాంటి సంచే ఉంటుంది. నాకూ విమానానికీ మొదట కుదిరిన చుట్టరికం అదే.

ఇక అసలు విషయానికి వస్తాను. డిసెంబరు నెలలో ఒక ఆదివారం ఉదయం మా తమ్ముడు తిరువొత్తియూరు నుంచి ఆటోలో దిగాడు. వాడు ఫోను చేయకుండా రాడు. ముఖం చూస్తే రాత్రంతా నిద్ర లేనట్టుంది. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, "అన్నయ్యా, పిల్లకు చేతకాదేమో" అన్నాడు.

పిల్ల అంటే వాడి కూతురు. మా ఇంటి మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. పొరుగు రాష్ట్రంలో ఒక శిక్షణ సంస్థలో విమానం నడపడం నేర్చుకుంటోంది. దానికోసం వాడు నెల్లూరు జిల్లాలో మా నాన్నగారు మిగిల్చిన పొలంలో తన వాటా రెండెకరాలు అమ్మాడు. ఆ రెండెకరాలు అమ్మొద్దన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి వాడు మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు.

"ఏమైందిరా?" అని అడిగాను.

"పొట్టి రన్‌వే మీద దిగడం నేర్పుతున్నారట. నిన్న రెండుసార్లు దిగలేకపోయిందట. నేల దాకా వచ్చి మళ్లీ పైకి లేచిపోయిందట. అది నవ్వుతూ చెబుతోంది అన్నయ్యా! నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది."

నేనేం చెప్పగలను? సంక్రాంతికి ఇంటికి వస్తుంది కదా, అప్పుడు అడుగుదాం అని సర్దిచెప్పి, టిఫిన్ పెట్టి పంపించాను. కానీ నిజం చెప్పాలంటే నా మనసులో కూడా "నేను ముందే చెప్పాను కదా" అనే మాట ఒకటి తలెత్తింది. దాన్ని నోటిదాకా రానివ్వలేదు, అంతే.

అసలు వాడికి విమానాల పిచ్చి పట్టించింది నేనే. మేము కొత్తగా మనలికి వచ్చిన రోజుల్లో షోళవరంలో కార్ల పందేలు జరిగేవి. మాధవరం, రెడ్ హిల్స్ దాటి, గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు మీద, అంటే మనమంతా నెల్లూరుకు పోయే దారిలోనే ఉంటుంది షోళవరం. నేను వాణ్ణి స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి. ఆ పందేలు జరిగే చోటు నిజానికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే. అందరూ కార్లను చూస్తుంటే వాడు మాత్రం, "అన్నయ్యా, ఇంత రోడ్డు ఉంది కదా, ఇక్కడ విమానం ఎందుకు దిగదు?" అని అడిగేవాడు. ఆ పక్కనే ఉన్న రెడ్ హిల్స్ చెరువులో యుద్ధకాలంలో కాటలినా అనే విమానాలు నీటిమీదే దిగేవని ఎవరో పెద్దాయన చెబితే, ఇంటికి వచ్చేదాకా దాని గురించే మాట్లాడాడు. వాడు పైలట్ కాలేదు, ఒక గిడ్డంగిలో గుమాస్తా అయ్యాడు. ఆ పిచ్చి కూతురికి అంటుకుంది.

సంక్రాంతికి పిల్ల వచ్చింది. కనుమ నాడు భోజనాలయ్యాక అందరం మా ఇంటి హాల్లో కూర్చున్నాం. తమ్ముడు తల వంచుకుని తమలపాకులకు సున్నం రాస్తున్నాడు. నేనే అడిగాను, "ఏమ్మా, దిగలేకపోయావటగా?" అని.

"దిగలేకపోవడం కాదు పెదనాన్నా, దిగకూడదని తిరిగి లేచాను" అంది. మాట ఒకటే గాని తేడా ఉంది చూశారా. తర్వాత లేచి లోపలికి వెళ్లి, ఒక చాప, ఒక అగ్గిపెట్టె తెచ్చింది. చాప రన్‌వే, అగ్గిపెట్టె విమానం. మా ఆవిడ, మరదలు కూడా వంటింటి పని ఆపి వచ్చి కూర్చున్నారు.

అది చెప్పింది నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

అది నడిపే విమానం నలుగురు పట్టే సెస్నా 172. చిన్న విమానమే. నిండు బరువుతో ఉన్నప్పుడు పొట్టి రన్‌వే మీదికి అది రావలసిన వేగం 61 నాట్లు, అంటే గంటకు సుమారు 113 కిలోమీటర్లు. మన ఊళ్లకు వెళ్లే రోడ్డు మీద కార్లు పోయే వేగమే. సముద్ర మట్టంలో, గాలి లేనప్పుడు, పొడి సిమెంటు రన్‌వే మీద అన్నీ సరిగా చేస్తే చక్రాలు నేలను తాకాక 575 అడుగుల్లో ఆగిపోతుంది. రన్‌వే మొదట్లో 50 అడుగుల ఎత్తు చెట్టు ఉందనుకుంటే, దాన్ని దాటి దిగి ఆగడానికి మొత్తం 1,335 అడుగులు కావాలి. ఇవన్నీ ఆ విమానం పుస్తకంలో అచ్చువేసి ఉంటాయట.

"మరి అంతే కదా, 1,335 అడుగులుంటే చాలుగా?" అన్నాను.

"అన్నీ సరిగా చేస్తే అన్నాను పెదనాన్నా" అంది. "61కి బదులు 67 నాట్లతో వచ్చామనుకోండి. వేగం పదో వంతే పెరిగింది. కానీ బ్రేకులు అణచవలసిన శక్తి 21 శాతం పెరుగుతుంది."

ఇది నాకు తెలిసిన లెక్కే. వేగాన్ని వేగంతో గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఆ శక్తి పెరుగుతుంది. 1.1ని 1.1తో గుణిస్తే 1.21. ఇన్నేళ్లు ఇంజనీరుగా పనిచేసినా, ఈ చిన్న లెక్క ఒక ఆడపిల్ల ప్రాణానికి సంబంధించినదని ఎప్పుడూ అనుకోలేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. నేలకు బాగా దగ్గరగా వచ్చాక రెక్కల కింద గాలి మెత్తలాగా పట్టుకుంటుందట. చిన్నప్పుడు నున్నటి గచ్చు మీదికి నోటుపుస్తకం కాగితాన్ని విసిరితే, నేలకు ఆనకుండా జారుతూ అవతలి గోడదాకా పోయేది గుర్తుందా? అలాగే వేగం ఎక్కువైన విమానం నేలను తాకకుండా తేలుతూ పోతుంది. ఈలోగా కింద రన్‌వే అయిపోతూ ఉంటుంది. అది అగ్గిపెట్టెను చాప మీదుగా తేలించి చూపించింది. అగ్గిపెట్టె చాప చివర దాటి మా ఆవిడ ఒళ్లో పడింది.

"మరి సరిగా వస్తున్నామో లేదో ఎలా తెలుస్తుంది?" అని మా తమ్ముడు మొదటిసారి తల ఎత్తి అడిగాడు.

"ఒక చోటు చూసుకుంటాం నాన్నా. రన్‌వే మీద ఏదో ఒక గీత. అద్దంలోంచి చూస్తే ఆ గీత కదలకుండా ఒకేచోట నిలిచి ఉంటే, మనం సరిగ్గా దానివైపే పోతున్నట్టు. గీత అద్దంలో కిందికి జారిపోతుంటే దాన్ని దాటి అవతల దిగుతాం. పైకి పోతుంటే దానికి ఇవతలే పడతాం."

ఎంత చిన్న విషయం! కదలనిదానివైపే మనం పోతున్నాం అన్నమాట.

తర్వాత గాలి. విమానం గాలికి ఎదురుగా దిగాలి. గాలి సంచి మూతి ఎటు ఉందో అటు ముఖం పెట్టాలి. ఎదురు గాలి 9 నాట్లుంటే దిగడానికి కావలసిన దూరం పదో వంతు తగ్గుతుంది. కానీ వెనక గాలి 2 నాట్లున్నా చాలు, దూరం పదో వంతు పెరుగుతుంది. ఈ లెక్క విన్నాక నాకు మన జీవితాలు గుర్తొచ్చాయి. తొమ్మిది పాళ్ల జాగ్రత్త చేసే మేలును రెండు పాళ్ల తొందర తినేస్తుంది. ఇక పొడి గడ్డి రన్‌వే అయితే, నేలమీద పరుగులో 45 శాతమంత అదనంగా కలుపుకోవాలట.

ఇంత విన్నాక మా తమ్ముడు, "ఇంతకీ ఆ పొట్టి రన్‌వే పొడుగెంత?" అని అడిగాడు. పిల్ల నవ్వింది. నిజానికి అది పొట్టి రన్‌వే కాదట. మామూలు పొడుగు రన్‌వేనే. అందులో ఒక గుర్తు చూపించి, "ఇక్కడికి రన్‌వే అయిపోయింది, అవతల లోయ ఉందనుకో" అని గురువుగారు చెబుతారట. ఇవతల లేని చెట్టును ఉందనుకోవాలి, అవతల లేని లోయను ఉందనుకోవాలి.

"అంటే దిగి ఉండొచ్చు కదే! బోలెడు చోటు ఉందిగా!" అన్నాడు తమ్ముడు, చేతిలోని తమలపాకు పడేసి.

"ఉంది నాన్నా. కానీ ఆ రోజు దిగితే, నిజంగా చోటు లేని రోజున కూడా దిగుతాను."

హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పాఠకులకు ఇక్కడ ఒక్క మాట. పొట్టి, పొడుగు అనేవి రన్‌వేలో లేవు, వచ్చేవాడి వేగంలో ఉన్నాయని నాకు ఆ రోజు తెలిసింది. మన మదరాసులో 1910లోనే డి ఆంజెలిస్ అనే హోటలు యజమాని, సింప్సన్ కంపెనీలో చేయించిన విమానంతో పల్లావరంలో ఎగిరి చూపించాడు. అప్పటికి రన్‌వేలు ఎక్కడివి? మైదానమే రన్‌వే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి పుస్ మోత్ అనే చిన్న విమానంలో ఉత్తరాల మూటలు తెచ్చి బొంబాయిలో దిగారు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ వాటిని బళ్లారి మీదుగా మన మదరాసుకు చేర్చారు. బొంబాయిలో వారు దిగిన జుహూ ఒక బురద నేల. వానాకాలంలో మునిగిపోతే మకాం పూనాకు మార్చుకునేవారు. ఆ విమానాలు మెల్లగా వచ్చేవి కనుక వాటికి ఆ చోటు సరిపోయింది. వేగం పెరిగిన కొద్దీ రన్‌వేలూ పెరిగాయి. షోళవరం మీదుగా మనం నెల్లూరు పోయే ఆ రోడ్డే ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి. దానిమీదే ఒంగోలు దాటాక కొరిశపాడు దగ్గర, ఆపద సమయంలో సైనిక విమానాలు దిగడానికి నాలుగు కిలోమీటర్లకు పైగా రోడ్డును రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబరు 29న వైమానిక దళం దాన్ని పరీక్షించింది. ఈసారి అటు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. మా పిల్ల విమానానికి అది మహా మైదానం.

మళ్లీ చాప దగ్గరికి వద్దాం. తిరిగి లేవడాన్ని వాళ్లు గో అరౌండ్ అంటారు. మన భాషలో మళ్లీ ఒక చుట్టు తిరిగి రావడం అనుకోండి. అది చెప్పినంత తేలిక కాదు. ముందు ఇంజనుకు పూర్తి బలం ఇవ్వాలి. రెక్కల వెనక దించిన ఫ్లాపులను కొద్దికొద్దిగా మూయాలి. తొందరపడి ఒక్కసారిగా మూసేస్తే విమానం కుంగుతుంది. వేగం చూసుకుంటూ మెల్లగా పైకి లేవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ నిర్ణయం ఎక్కడ తీసుకోవాలో ముందే అనుకుని రావాలి. "ఫలానా గుర్తు దగ్గరికల్లా చక్రాలు నేలను తాకకపోతే తిరిగి లేస్తాను" అని పైనున్నప్పుడే గీత గీసుకోవాలి. కిందికి వచ్చాక ఆలోచిస్తే, ఎలాగైనా దిగాలనే ఆశే గెలుస్తుంది.

"మరి ఎన్నిసార్లయినా తిరగొచ్చా?" అని అడిగింది మా మరదలు.

మంచి ప్రశ్న. తిరిగి లేవడానికి పెట్రోలు ఉండాలి. మీలో కొందరికి 1993 నవంబరు 15 గుర్తుండవచ్చు. మదరాసు నుంచి హైదరాబాదు వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ అది. బేగంపేటలో చూపు సరిగా ఆనక దిగకుండా పైకి లేచింది. అంతవరకు సరైన పనే. కానీ దించిన ఫ్లాపులు మళ్లీ పూర్తిగా మూసుకోలేదు. వాటితోనే మదరాసు వైపు తిరిగింది. తెరిచిన గొడుగుతో గాలికి ఎదురు నడిచినట్టు, ఇంధనం మామూలుకంటే ఎక్కువ ఖర్చయింది. చివరికి తిరుపతి దగ్గర పొలంలో దించవలసి వచ్చింది. అందులో ఉన్న 262 మందీ బతికారు. ఆ రోజు మన కాలనీలో చాలా ఇళ్లలో వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. ఆ సంఘటన చెప్పేదేమిటంటే, తిరిగి లేవడం ఊరికే రాదు. దానికి సరిపడా నిలవ ముందే దాచుకుని బయలుదేరాలి.

దిగి తీరాలనే పట్టుదలకు కట్టవలసిన వెల మాత్రం ఇంకా పెద్దది. 2010 మే 22న మంగళూరులో, 2020 ఆగస్టు 7న కోళిక్కోడులో జరిగిన ప్రమాదాలు మీకు తెలిసినవే. రెండూ కొండను చదును చేసి కట్టిన విమానాశ్రయాలు, రెండూ దుబాయి నుంచి వచ్చిన విమానాలు. మంగళూరులో 158 మంది, కోళిక్కోడులో 21 మంది పోయారు. మంగళూరులో విమానం ఎత్తుగా, వేగంగా వచ్చింది. రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటిపోయాక నేలను తాకింది. కోళిక్కోడులో వానలో, వెనక గాలితో వచ్చి సగం రన్‌వే దాటాక తాకింది. ఇవి చాలా పెద్ద విమానాలు, ఆ రన్‌వేలు వాటికి చాలనివేమీ కావు. ఆలస్యంగా తాకడం వల్ల అవి పొట్టివయ్యాయి.

కానీ నా మనసులో ముల్లులా దిగిన సంగతి వేరే ఉంది. రెండు చోట్లా పక్క సీటులోని రెండో పైలట్ "తిరిగి లేద్దాం" అన్నాడు. మంగళూరులో ఆ మాట మూడుసార్లు అన్నాడని విచారణ నివేదికలో ఉంది. పెద్దాయన వినలేదు.

ఈ మాట పిల్ల చెబుతున్నప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దూరంగా ఆ గాలి సంచి కనిపిస్తోంది. ఇంతవరకు మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి, ఆ రోజు అందరి ఎదుటా చెప్పాను. మీకూ చెబుతాను.

అది 1987. ఇక్కడి ఒక కర్మాగారంలో, పేరు అనవసరం, నేను రాత్రి షిఫ్టు ఇంజనీరుని. మరమ్మతు తర్వాత ఒక ఆవిరి లైనును మళ్లీ తెరవాలి. చల్లబడిన పైపులోకి ఆవిరి వదిలితే ముందు అది నీరవుతుంది. ఆ నీళ్లన్నీ కింది డ్రెయిన్ నుంచి పోయి, పొడి ఆవిరి వచ్చేదాకా పెద్ద వాల్వు తెరవకూడదు. తెరిస్తే వెనకనుంచి తోసుకొచ్చే ఆవిరి ఆ నీటిని బండరాయిలా విసురుతుంది. సుత్తితో కొట్టినట్టు పైపు దద్దరిల్లుతుంది. ఇదంతా నాకు తెలుసు. నేనే కుర్రవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి.

తెల్లవారుజామున అయిదున్నర అయింది. ఆరింటికి ఉదయం షిఫ్టువాళ్లు వస్తారు. లైను సిద్ధం చేసి అప్పగించాలని నా పంతం. కొత్తగా చేరిన ట్రెయినీ కుర్రవాడు, మనవాడే, డ్రెయిన్ దగ్గరనుంచి వచ్చి, "సార్, ఇంకా నీళ్లే వస్తున్నాయి. ఒక అరగంట ఆగుదామా?" అన్నాడు. నేను, "నీకు తెలుసా, నాకు తెలుసా? తెరిపించు" అన్నాను. అతను ఒక్క క్షణం నిలబడ్డాడు. మళ్లీ అడగలేదు. వెళ్లి తెరిపించాడు.

పైపు దద్దరిల్లిన చప్పుడు కంట్రోల్ రూములోకి వినిపించింది. ఒక జాయింటు దగ్గర గాస్కెట్ పగిలి, మరిగే నీళ్లు పక్కనున్న హెల్పరు చేతిమీద పడ్డాయి. ప్రాణానికి ప్రమాదం లేదు. కానీ మోచేతి నుంచి మణికట్టు దాకా ఆ మచ్చ అతనికి ఉండిపోయింది. తర్వాత చాలాకాలం అతను నాకు టీ తెచ్చిచ్చేవాడు, ఆ చేత్తోనే.

షిఫ్టు లాగ్‌బుక్‌లో నేను "పాత గాస్కెట్ విఫలమైంది" అని రాశాను. గాస్కెట్ పాతదే, అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు. విచారణలో కుర్రవాణ్ణి అడిగితే నా ముఖం చూసి, తలవంచుకుని, తనకేమీ తెలియదన్నాడు. అతను నన్ను కాపాడాడు. నేను అతని మాటను చంపేశాను.

ఇది చెప్పాక నాకు తల ఎత్తాలనిపించలేదు. మా ఆవిడ లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. పిల్ల ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. కాసేపాగి, "పెదనాన్నా, నేను రెండోసారి తిరిగి లేచినప్పుడు గురువుగారు పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. మూడోసారి దిగాను, గుర్తుకు ఇవతలే ఆగాను. దిగాక టీ తాగుతూ, మూడోదాని గురించి కాదు, మొదటి రెండిటి గురించి బాగా చేశావన్నారు. నాన్నతో ఫోనులో చెప్పింది అందుకే, సంతోషంగా చెప్పాను. నాన్న మూడోసారి సంగతి వినకుండానే ఫోను పెట్టేశారు" అంది.

అందరం మా తమ్ముడి వంక చూశాం. వాడు అగ్గిపెట్టెను తీసి, చాప మొదట్లో జాగ్రత్తగా పెట్టాడు. "ఇక్కడ దించాలన్నమాట" అన్నాడు. అంతే అన్నాడు. కానీ వెళ్లేటప్పుడు ఆటో ఎక్కుతూ, "అన్నయ్యా, ఆ రెండెకరాలు..." అని ఆగాడు. "మంచి పని చేశావురా" అన్నాను. నేను వాడికి బాకీ ఉన్న మాట అది.

పాఠక మిత్రులారా, మనం సొంత ఊళ్లు వదిలి వచ్చినవాళ్లం. వచ్చినచోట నిలదొక్కుకోవడానికి అన్నిటినీ పంతం పట్టి సాధించాం. అందుకేనేమో, మన ఇళ్లలో వెనక్కి తిరగడం అంటే ఓడిపోవడమే. తాంబూలాలు పుచ్చుకున్నాక సంబంధం వద్దన్న అమ్మాయిని, సగం చదివిన చదువు మానేసిన అబ్బాయిని మనం "ఎందుకు ఆగావు?" అని అడగం. "నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలి?" అని అడుగుతాం. ఆగిన ప్రతివాడూ ఒప్పు అని నేను అనడం లేదు. కానీ అతను చూసిన గుర్తేమిటో, అది ఎటు జారుతూ కనిపించిందో ఒకసారి అడిగి తెలుసుకోవాలి. ఆ మాట మనకంటే చిన్నవాళ్లు చెప్పినప్పుడు మరీ ముఖ్యంగా వినాలి. పక్క సీట్లో కూర్చున్నవాడికి కూడా అదే కిటికీ, అదే రన్‌వే కనిపిస్తుంటాయి.

మర్నాడు పిల్ల బయలుదేరే ముందు నా కాళ్లకు దండం పెట్టి, "పెదనాన్నా, మా దగ్గర లాగ్‌బుక్‌లో తప్పు రాస్తే, దాన్ని చెరిపేయం. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెడతాం" అంది. ఇంకేమీ అనలేదు.

నా ఆ లాగ్‌బుక్ ఇప్పుడు దొరకదు. అందుకని ఈ ఉగాది సంచికలో, నాకిచ్చిన ఈ పేజీలోనే రాస్తున్నాను. 1987, రాత్రి షిఫ్టు. గాస్కెట్ విఫలమైంది అన్న మాట కొట్టివేయడమైనది. డ్రెయిన్‌లో ఇంకా నీళ్లు వస్తున్నాయని, ఆగుదామని ట్రెయినీ చెప్పాడు. షిఫ్టు ఇంజనీరు వినలేదు.

సంతకం కింద ఉంది. అందరికీ ఉగాది శుభాకాంక్షలు. వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం.

మీ మనలి పెదనాన్న